పదకొండో వరుసలో రెండు గళ్లు

మిర్యాలగూడ,
జూన్ 9.

చెల్లె సరితకు, అక్క జ్యోతి రాసేది.

ముందుగాల తిట్లు, ఎనుక ముచ్చట్లు.

భాగ్యవతమ్మ బొంత అయిపోయింది. వాళ్ల మనుమరాలు అక్షిత రైస్‌మిల్లు ముందట తాత నిలబడ్డట్టు గీసిన బొమ్మ నీకు పంపిన గద. ఆ బొమ్మల తాత కుడిచేతికి ఆరు వేళ్లున్నయ్. నువ్వు గళ్లు గీసి నెంబర్లేసి పంపిన చార్టుల ఐదే ఉన్నయ్. రెండు వరుసలు కుట్టినంక బొమ్మ పక్కన పెట్టి చూసుకుంటె దొరికింది. కుట్టింది ఇప్పి, ఆరో వేలు పెట్టి, మళ్ల కుట్టిన. పిల్ల ఆరు గీసింది, ఐదు అని నీకెవరు చెప్పిన్రు? మనిషికి ఐదు వేళ్లుంటయని నీకు తెల్సు, అందుకని రాసినవ్. ఇంటర్ చదివినదానివి, నీ తెలివి దుకాణంల ఉండనియ్యి, చార్టుల పెట్టకు. బొమ్మల ఉన్నదే కుట్టాలె, ఫోటోల ఉన్నదే కుట్టాలె. మనకు తెల్సింది కుట్టొద్దు. నువ్వాడ నెంబరు రాస్తె నేనీడ నెంబరు చూసి ముక్క అతుకుత. రెండంగుళాల గళ్లల్ల తలకాయ పెట్టి కుట్టేదానికి అది మొఖమా, గోడనా తెల్వది. నీ చెయ్యి ఏం రాస్తె నా చెయ్యి అది కుడుతది.

బొంత పరవంగనే అక్షిత ఉరికొచ్చి తాత వేళ్లు లెక్కవెట్టింది. ఆరు అయినంక నవ్వింది. నా పని బచాయించింది ఆ నవ్వే.

ఫోన్ ఎత్తుతలేనని అలిగినవంట. పన్నెండేండ్లు మిల్లుల చేసి చెవులు ఆడ్నే ఇడిసిపెట్టొచ్చిన, తెల్వదా? ఎదురుంగ మనిషి ఉంటె పెదాలు చూసి అర్థం చేసుకుంట. ఫోన్‌కు పెదాలు ఉండయ్ గద. మన తండా మాటకేమో రాత లేదు. ఇగ తెలుగుల రాసుకొని బస్సుల పోయే మూటల పెట్టుకునుడే మనకు మిగిలింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మూటల మీ బావ తిరుపతి ఫోటో పెట్టిన. మూడేండ్ల కింద పెద్దగట్టు జాతరల నువ్వు తీసిందే. ఆయన అంగీలు గూడ మూడు పెట్టిన. నీలం గళ్లది, మట్టి రంగుది, తెల్లది. ఆయన మొఖం ఆయన అంగీలతోనే కుట్టాలె. రంగులు చూసుకొని నెంబర్లేసి అంగీలు వాపస్ పంపు. కొయ్యకు, కోసేది నేను.

తండాల ఏం నడుస్తున్నదో నీకు చెప్పిన్రో లేదో. రెండేండ్లాయె నా తమ్ముని జాడ లేదు, ఈ దీపావళికి నిప్పుల మీద నెయ్యి ఏసి సచ్చిన పెద్దల పేర్లు పిలిచేటప్పుడు తిరుపతి పేరు గూడ పిలుస్త అని రెడ్యా బావ అన్నడు. పిలిస్తె ఖతం. సచ్చినోళ్లల్ల కలిపినట్టే. మనల కన్న యాడి పక్కనే కూసొని గూడ ఒద్దనలే.

నాకు ఒక్కటే తొవ్వ దొరికింది. బతికినోళ్ల బట్టే బొంతల పడాలె, సచ్చినోళ్ల బట్ట వాళ్లతోనే పోవాలె అని మనకు నేర్పింది యాడే. నాయిన పోయినప్పుడు ఆయన ధోతి చింపి బొంతల ఏయబోతె నీ చెయ్యి మీద కొట్టింది, యాదికున్నదా? అందుకే ఈయన అంగీలు కోసి బొంత కుట్టి దీపావళికి తండాకు తీస్కపోయి అందరి ముందట పరుస్త. తిరుపతి ఉన్నడు అని నేను నోటితోని చెప్తె ఇంటలేరు గద, బొంత చెప్తె అన్న ఇంటరు.

జల్ది పంపు.

మీ అక్క,
జ్యోతి


కోదాడ,
జూన్ 22.

అక్కా,

నీ తిట్లు భద్రంగా అందాయి. ఒక్క వేలు తీసేసినందుకు నా పది వేళ్లూ కోసినంత పని చేశావు. సరే, బుద్ధొచ్చింది.

ఇక్కడ ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయిలకు నీ బొంతలంటే పిచ్చి పట్టింది. నిన్న ఒకతి తన కుక్క ఫోటో తెచ్చింది. తోక మీద తెల్లమచ్చ తప్పకుండా రావాలట. కట్టుకోబోయేవాడి ఫోటో తెచ్చినా ఇంత పట్టింపు ఉండదు! ఆ చార్టు, రెండు తామరపూల చార్టులు ఈ మూటలో పెట్టాను.

బావ ఫోటో గురించి. చాలాసేపు చూశాను అక్కా. చిన్న ఫోటో, మిట్టమధ్యాహ్నం ఎండలో తీసింది, సగం మొహం నీడలో ఉంది. మనం ఇప్పటిదాకా పూలు, పక్షులు, ఇళ్లు, పిల్లలు గీసిన బొమ్మలు చేశాం కానీ ఫోటో చూసి మనిషి మొహం ఎప్పుడూ చేయలేదు. ఒక్క గడి తప్పితే ఇంకెవరి మొహమో అయిపోతుంది. అది చూసి నువ్వు బాధపడతావు. దాని బదులు ఆ అంగీలతో మంచి నెమలి చేద్దాం. ఏమంటావు?

ఇంకోమాట. కోప్పడకు. వచ్చేవాడే అయితే ఈ రెండేళ్లలో రాడా? రెడ్యా బావ అన్నదాని మీద కూడా ఒకసారి ఆలోచించు. నీకు ముప్పైఎనిమిదేళ్లు. ఎన్నాళ్లు ఇలా వాకిలి చూస్తూ కూర్చుంటావు? అతను నీ చేయి విరిచి వెళ్లాడు. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు.

అంగీలు, ఫోటో నా దగ్గరే ఉన్నాయి. నెమలి అంటే వెంటనే గీసి పంపిస్తాను.

నీ చెల్లెలు,
సరిత


మిర్యాలగూడ,
జూలై 7.

సరితకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. రెండోసారికి పొయ్యిల పెడదామనుకున్న. ఎనక కుక్క తోక లెక్కలు రాసి ఉన్నయని ఇడిసిన.

నెమలి నాకెందుకు? నెమలి నా మొగుడా?

నువ్వు చెయ్యి ఇరిగిందే యాదికి పెట్టుకున్నవ్. మిగిలింది నీకెవరు చెప్పలే, నేను గూడ చెప్పలే. ఇప్పుడు ఇను. తాగొచ్చి తోసిండు. గడప మీద పడ్డ, మణికట్టు ఇరిగింది. నేను అబద్ధం చెప్ప. కని పట్టీ ఉన్న నెల రోజులు ఆయన చుక్క ముట్టలే. నా తల దువ్విండు, జడ ఏసిండు, వాకిలి ఊడ్సిండు. మా లైన్‌ల ఆడోళ్లు నవ్విన్రు. జడ వంకరబోతె ఇప్పి మళ్ల ఏసేటోడు. నాకు నవ్వొస్తుండె, ఆయనకు ఏడుపొస్తుండె.

పట్టీ తీసిననాడు దవాఖానల డాక్టరు ఇగ ఈ చేత్తో సూది పట్టుడు కష్టం అన్నడు. ఆయన పక్కనే ఉన్నడు. తెల్లారి లేచి చూస్తె లేడు. నన్ను ఇడిసిపెట్టి పోలే సరితా, నా చెయ్యి చూడలేక పోయిండు. ఆ చెయ్యి ఆర్నెల్లకు మంచిగైందని, మళ్ల సూది పట్టిందని ఆయనకు తెల్వది. గా ఒక్క ముచ్చట తెలిస్తె వస్తడు. నేను వాకిలి ఎందుకు చూస్తున్ననో ఇప్పుడన్న తెల్సిందా?

రెడ్యా బావ మళ్ల కబురు పంపిండు. గాజుల ముచ్చట గూడ తీసిండంట. నా గాజులు నా చేతికున్నయ్, ఆయన చేతికి లేవని చెప్పమన్న.

ఆ మొఖం ఎట్లొస్తదో నేను చూసుకుంట. నువ్వు గళ్లు గీసి నెంబర్లెయ్యి. నీతోని కాకుంటె ఫోటో, అంగీలు వాపస్ పంపు, నేనే గీసుకుంట. అక్కలాగ అడుగుతలేను, బతిమాలుతున్న అనుకో.

జ్యోతి


కోదాడ,
ఆగస్టు 18.

అక్కా,

చార్టు, ఫోటో, అంగీలు పంపిస్తున్నాను. ఆలస్యమైంది, క్షమించు. నాలుగుసార్లు గీసి చింపేశాను.

అడ్డం ఇరవై నాలుగు గళ్లు, నిలువు ముప్పై. మొత్తం ఏడువందల ఇరవై. ఒకటి నుంచి మూడు తెల్లంగీ. వెలుతురు పడ్డచోట్ల ఒకటి, కొంచెం మాసిన చోటు బట్ట రెండు, కాలరు లోపలిది మూడు. నాలుగు నుంచి ఆరు మట్టిరంగుది. ఏడు నుంచి తొమ్మిది నీలం గళ్లది, వెంట్రుకలకు, మీసాలకు, నీడకు. పెదాలకు ఆ మూడింటిలో రంగు కుదరలేదు. నా పాత మెరూన్ జాకెట్టు కోసి ముక్కలు పెట్టాను. దానికి పది అని నెంబరు వేశాను.

దగ్గర నుంచి చూస్తే ఏమీ కనపడదు. అన్ని వరుసలూ అతికాక గోడకు వేలాడదీసి పది అడుగులు వెనక్కి వెళ్లి చూడు.

ఇంక ఈ బొంత సంగతి నన్ను అడగొద్దు అక్కా. దండం పెడతాను.

సరిత


మిర్యాలగూడ,
సెప్టెంబర్ 29.

చెల్లె సరితకు,

నా బంగారమా, ఎంత మంచిగ గీసినవే! నిన్ను తిట్టిన నోటికి చక్కెర పోసుకోవాలె.

అంగీలు కోసేముందు జేబులు ఎతికిన. తెల్లంగీ జేబుల పల్లిపొట్టు దొరికింది. రెండేండ్ల సంది జేబులనే ఉన్నది. మీ బావకు పల్లీలు తిని పొట్టు జేబుల ఏసుకునుడు అలవాటు, ఉతికేటప్పుడు నాకు యాష్ట. ఆ పొట్టు పారెయ్యలే. డబ్బల పెట్టిన.

దినానికి రెండు వరుసలు లెక్క కుట్టిన. ఒక్కోనాడు మణికట్టు గుంజితె ఒక్కటే. చార్టుల నెంబరు, చేతుల ముక్క, ఇంకేం చూడలే. ముప్పై వరుసలు అయినంక నిన్న మొన్న అన్నీ కలిపి అతికిన. ఇగ ఎనక అస్తరు బట్ట ఏసుడే మిగిలింది. ఇయ్యాల పొద్దుగాల వాకిట్ల తాడుకు ఏలాడదీసి, నువ్వు చెప్పినట్టే పది అడుగులు ఎనక్కి పోయిన. పోయి తిరిగి చూసిన.

నవ్వుతున్నడు సరితా. జాతరల నవ్విండు చూడు, గట్లనే. నేను ఆడ్నే మట్టిల కూసున్న. పక్కింటి బక్కమ్మ ఉరికొచ్చి నాకేమో అయిందనుకున్నది. తల తిప్పి తాడు మీదికి చూసి, "ఓయమ్మో, తిరుపతే!" అన్నది. ఆమె పెదాలు చూసిన, గట్లనే అన్నది. ఇగ దీపావళి రానియ్. రెడ్యా బావ నోరెట్ల తెరుస్తడో నేను చూస్త అనుకున్న.

బక్కమ్మనే అడిగింది, "గా కన్ను మీద ఏందే? దెబ్బ తగిలిందా?" అని.

చూసిన. ఎడమ కనుబొమ్మ మీద ఏటవాలుగ ఎర్రటి గీత. పోయి చార్టు తీసి చూసిన. పదకొండో వరుస, పదిహేడు, పద్దెనిమిది గళ్లు. రెండిట్ల గీత గీసి పది అని రాసినవ్. పెదాల నెంబరు. ఫోటో తీసి ఎండకు పట్టి చూసిన. భూతద్దం తెప్పిచ్చి చూసిన. ఫోటోల గీత లేదు, నీడ లేదు, ఏం లేదు. మీ బావకు గాడ ఎన్నడు దెబ్బ తగల్లే. ఆయన మొఖం నాకన్న ఎవరికి ఎరుక?

ముందుగాల నవ్వుకున్న. మళ్ల తెలివి చూపిచ్చింది చూడు అనుకున్న. తర్వాత నవ్వు ఆగింది.

అక్షిత గీసిన బొమ్మల నువ్వు ఆరో వేలు తీసేసినవ్. మనిషికి ఐదు వేళ్లని నీకు తెల్సు గనుక. నీ చెయ్యి కాగితంల ఉన్నది రాయదు, నీకు తెల్సింది రాస్తది.

మరి ఈ గాటు నీకెట్ల తెల్సు?

జ్యోతి


మిర్యాలగూడ,
అక్టోబర్ 10.

సరితా,

కోదాడ బస్సు మూడుసార్లు వచ్చిపోయింది. మూట రాలే. నీ ఫోన్‌కు బక్కమ్మతోని చేపిచ్చిన. ఎత్తి, ఆమె గొంతు ఇని పెట్టేసినవంట.

ఉన్నడా, లేడా? గదొక్కటి రాయి. ఇంకేం అడగ.

జ్యోతి


కోదాడ,
అక్టోబర్ 14.

అక్కా,

ఉన్నాడో లేడో నాకు తెలియదు. కానీ చూశాను.

ఏప్రిల్ నెలాఖరు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద పిట్ట లేదు. దుకాణంలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఎవరో గుమ్మంలో నిలబడ్డారు. గడ్డం, చిక్కిపోయిన ఒళ్లు. ఎడమ కనుబొమ్మ మీద గాటు. "సరితా" అని పిలిస్తే కానీ గుర్తుపట్టలేదు.

కర్ణాటకలో బోరుబండి మీద పనిచేశాడట. పైపు జారి కంటి మీద పడిందట. తాగడం మానేసి ఏడాది దాటిందన్నాడు. అవన్నీ నేను అడగలేదు, తనే చెప్పాడు. తర్వాత అడిగాడు. "జ్యోతి ఎట్లున్నది? నన్ను రానిస్తదా? నేను సీదా పోతే బాగుండదు. నువ్వు ఒక్కసారి అడుగు."

అక్కా, ఆ క్షణంలో నాకు నీ పట్టీ చేయి ఒక్కటే కనపడింది. నువ్వు మిల్లు కూలికి వెళ్లి, ఒంటిచేత్తో తట్ట మోసింది కనపడింది. నీ జడ ముచ్చట నువ్వు నాకు జూలైలో కదా చెప్పావు!

నేను జవాబు చెప్పేలోపల అతను బల్ల మీద మడతపెట్టి ఉన్న బొంత అంచు పట్టుకున్నాడు. పెద్దాపురం వాళ్లకు పంపాల్సిన తామరపూల బొంత. అంచు మీద బొటనవేలితో రాసి చూశాడు. "గిది జ్యోతి కుట్టు. చెయ్యి మంచిగైందన్నట్టు" అని అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడు. అంత పెద్ద మగమనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను కరగలేదు. మా అక్క జోలికి రావొద్దు, నీ మొహం దానికి చూపించొద్దు అన్నాను. నీళ్లు ఇచ్చాను. అన్నం పెట్టలేదు. నీళ్లు తాగి, బొంత మడత సరిచేసి, వెళ్లిపోయాడు. సూర్యాపేట బస్సు ఎక్కడం కనపడింది. అంతే.

ఎలాగూ నీ దగ్గరికి వచ్చేస్తాడనుకున్నాను. నువ్వు నన్ను తిడుతూ ఉత్తరం రాస్తావని నెలంతా ఎదురుచూశాను. జూన్‌లో నువ్వు ఫోటో పంపేసరికి రాలేదని అర్థమైంది. అప్పుడు చెప్పాల్సింది. భయపడ్డాను. రోజు గడిచేకొద్దీ భయం పెరిగింది కానీ తగ్గలేదు.

చార్టు గీసేటప్పుడు ఫోటోనే చూస్తున్నాననుకున్నాను. ఆ రెండు గళ్లలో పది అని ఎప్పుడు రాశానో నాకు తెలియదు. నా చేయి రాసింది, నేను చూడలేదు.

జరిగింది ఇదే. ఇంకేమీ దాచలేదు. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను అక్కా. నువ్వు ఊ అంటే రేపే బయల్దేరి నేనే వెతుకుతాను. ఏదో ఒకటి రాయి. తిట్టు, కానీ రాయి.

సరిత


మిర్యాలగూడ,
నవంబర్ 4.

సరితా,

నువ్వు వెతకాల్సిన పని లేదు. దొరికిండు.

సూర్యాపేట బస్సు ఎక్కిండని రాసినవ్ గద. బక్కమ్మను తోలుకొని సూర్యాపేట పోయిన. బొంత సంకల పెట్టుకొని పోయిన, ఫోటోల గాటు లేదు, బొంత మీద ఉన్నది గనుక. బస్టాండుల బల్ల మీద పరిచి ఒక్కొక్కళ్లను అడిగిన. కొందరు నవ్విన్రు, బొంత అమ్ముతున్ననుకొని ఒకామె బేరం చేసింది. మజ్జిగ అమ్మే కాటమ్మ అని ముసలామె వచ్చి ముందుగాల కన్ను మీద గీతనే ముట్టుకున్నది. "గీయన గాడ కూసున్నోడే" అన్నది.

మిర్యాలగూడ బస్సు ఆగే కాడ. రెండు దినాలు గాడ్నే కూసున్నడంట. బస్సు రాంగనే లేస్తడు, డోరు దాక పోతడు, కండక్టరు ఎక్కుమంటె మళ్ల వచ్చి కూసుంటడు. కాటమ్మ మజ్జిగ పోసి, "ఎక్కరాదయ్యా, ఎన్ని బస్సులు ఇడుస్తవ్" అన్నదంట. దానికి ఆయన ఏమన్నడో తెల్సా?

"నేను పోతె ఆమె పురుగుల మందు తాగుతదట. ఆమె చెల్లె చెప్పింది. చెయ్యి ఇప్పుడే మంచిగైంది, బతకనియ్" అన్నడంట.

నాకు చెవులు లేవు గద. తప్పు అర్థమైందేమో అని కాటమ్మ మొఖం రెండు చేతుల్ల పట్టుకొని మూడుసార్లు చెప్పిచ్చుకున్న. మూడుసార్లు గదే మాట. బక్కమ్మను అడిగిన. ఆమె గూడ గదే ఇన్నది.

నేనెప్పుడు అన్ననే, మందు తాగుతనని? ఎవరితోని అన్న?

నీ ఉత్తరం తీసి మళ్ల చదివిన. జోలికి రావొద్దన్న అని ఉన్నది, నీళ్లిచ్చిన అని ఉన్నది. మందు ముచ్చట లేదు. ఇంకేమీ దాచలేదు అని నీ చేత్తోనే రాసి ఉన్నది. ఫోటోల లేనిది చార్టుల రాసిన చెయ్యే, జరిగింది మాత్రం ఉత్తరంల రాయలే.

నువ్వు రావొద్దు అని ఊకుంటె ఆయన వచ్చేటోడు. తిడితె తిట్టనియ్ అనుకొని వచ్చేటోడు. నా పాణం పోతదంటె రాలే.

మూడోనాటికి ఎండ దెబ్బ తగిలి లేవలే. ఎవరో దవాఖానల ఏసిన్రు. ఆ పొద్దే పాణం ఇడిసిండు. పోలీస్ స్టేషన్‌కు పోతె ఫైలు తీసి చూపిచ్చిన్రు. ఎవరో తెల్వనోడు, నలభై ఏండ్లు ఉంటయ్, ఎడమ కనుబొమ్మ మీద పాత గాటు అని రాసి ఉన్నది. అండ్ల పెట్టిన ఫోటోల మొఖం ఉబ్బి గుర్తుపట్టేటట్టు లేదు. మిర్యాలగూడ స్టేషన్‌ల నేను రెండేండ్ల కింద ఇచ్చింది గాటు లేని ఫోటో. దొరికింది గాటున్న మనిషి. ఎట్ల కలుస్తది? బొంత బల్ల మీద పరిచిన. అప్పుడు కలిసింది. జేబులల్ల ఏమున్నయో గూడ రాసి పెట్టిన్రు. పల్లిపొట్టు అని ఉన్నది.

అడగొచ్చేటోళ్లు లేరని మున్సిపాలిటోళ్లే పూడ్చిన్రంట. జాగ చూపిచ్చిన్రు. చిన్న కర్ర పాతి ఉన్నది, దాని మీద నెంబరు. ఆయనకు గూడ నెంబరే ఏసిన్రు.

యాడి నేర్పినట్టే చేసిన. సచ్చినోళ్ల బట్ట వాళ్లతోనే పోవాలె. అస్తరు గూడ ఎయ్యని ఆ బొంత ఆయన మీద కప్పి, నాలుగు మూలలకు నాలుగు రాళ్లు పెట్టొచ్చిన. బతికిండని కుట్టిన బొంత, సచ్చిండని కప్పిన. డబ్బలున్న పొట్టు గూడ ఆడ్నే పోసిన.

దీపావళికి తండాకు పోయిన. రెడ్యా బావ నెయ్యి చేతుల పట్టుకొని నా మొఖం చూసిండు. ఆయన పిలవకముందే నేనే పిలిచిన. తిరుపతీ అని. మా ఇంట్ల ఆడోళ్లు పిలవరు, ఎవరు ఒద్దనలే. యాడి ఒక్కటే ఏడుపు. నీ ముచ్చట యాడికి చెప్పలే. ఉన్న బిడ్డలు ఇద్దరే, ముసల్ది ఎట్ల మోస్తది? అది నేను మోస్త.

కుక్క బొంత, రెండు తామరపూల బొంతలు అయిపోయినయ్, బస్సుల ఏసిన. ఇగ చార్టులు పంపకు. చెయ్యి మంచిగనే ఉన్నది, సూది మాత్రం పడతలేను.

ఈ కవర్ల రెండు ముక్కలు పెట్టిన. నీ మెరూన్ జాకెట్టువి, పదకొండో వరుస, పదిహేడు, పద్దెనిమిది. ఆయన మీద కప్పేముందు ఆ రెండు ఇప్పిన, నీవి ఆయన మీద ఉండొద్దని. పెదాలయి ఇప్పుదామని చెయ్యి పెట్టిన, నవ్వు పోతదని ఇడిసిపెట్టిన. కనుబొమ్మ మీద ఇప్పుడు రెండు గళ్లు ఖాళీ. ఆడికెల్లి మట్టి కనపడుతది.

జ్యోతి